వదిన చదివిన వరసలు

మా వదిన ఇంటికి వచ్చిన కొత్తలో మాట్లాడేది చాలా తక్కువ. పొగరేమో అనుకున్నాను. ఆడపడుచుని కదా, అలా అనుకోవడం నా హక్కు. కొద్ది రోజులకే తెలిసింది అది పొగరు కాదు, నత్తి అని. మాట మొదటి అక్షరం దగ్గరే ఆమె పెదవులు బిగుసుకుపోయేవి. మెడ మీద ఒక నరం తేలేది. ఎదుటివాళ్ళు జాలిపడి ఆ మాటేదో వాళ్ళే అందించేవారు. అందించిన మాట చాలాసార్లు ఆమె అనబోయింది కాదు. అయినా తల ఊపేసేది. మా అన్నయ్య అలా ఒకసారి ఆమెకి పచ్చ గొడుగు కొనిపెట్టాడు. ఆమె అడగబోయింది పచ్చదీ కాదు, గొడుగూ కాదు. అయినా ఆ గొడుగు చిరిగిపోయేదాకా వాడింది.

వదిన ఉద్యోగం కంప్యూటర్ మీద. డాక్టర్ల దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకునే పేజీలు తయారుచేసే చిన్న ఆఫీసు ఒకటి ఉంది, అందులో చేసేది. ఆ పేజీల వెనక ఉండే రాతంతా పీహెచ్‌పీ అనే భాషలో ఉంటుందట. "ఆ భాషలో నాకు నత్తి లేదు" అని ఒకరోజు కూరగాయల చీటీ వెనక రాసి నాకు చూపించి నవ్వింది. మేమిద్దరం వదినా మరదళ్ళలా ఉండడం మానేసి స్నేహితుల్లా ఉండడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

నేను తివాచీలు నేస్తాను. నాన్నదీ అదే కార్ఖానా, కానీ ఆయన పని నేయడం కాదు, చదవడం. తివాచీ మగ్గం గోడంత ఎత్తున నిలబడి ఉంటుంది. దాని ముందు నలుగురం పీటలేసుకుని పక్కపక్కన కూర్చుంటాం, మొహాలు దారాలకేసి పెట్టుకుని. నాది మూడో పీట. ఏ దారానికి ఏ రంగు ఉన్ని ముడి వేయాలో మా వెనక నిలబడి ఒకరు చదువుతూ ఉండాలి. "రెండెరుపూ... ఒకటి నలుపూ... మూడు తెలుపూ..." నాన్న దాన్ని రాగం తీసి చదివేవాడు. ఎరుపు దగ్గర గొంతు కొంచెం లేచేది, నలుపు దగ్గర దిగేది. రంగు పేరు పూర్తిగా వినకముందే మా చెయ్యి ఆ ఉన్ని ఉండ మీదకి వెళ్ళిపోయేది. ఒక్కో పీటకి చదివే ముక్కని మేం వరస అంటాం. మొదటి పీటకి ఒక వరస, రెండో పీటకి ఒక వరస, నాలుగో పీట అయ్యాక మళ్ళీ మొదటికి. అందుకే నాన్నని అందరూ వరసల తాత అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఆయన్ని చుట్టరికాలు కలిపే మనిషి అనుకునేవారు.

పాత బొమ్మలన్నీ నాన్నకి నోటికి వచ్చు. పువ్వు, ఆకు, మళ్ళీ పువ్వు, మళ్ళీ ఆకు. ఆయన చూపు తగ్గుతున్న సంగతి అందుకే ఎవరికీ తెలియలేదు. కాగితం చేతిలో ఉండేది, చదువు మాత్రం జ్ఞాపకంలోంచి వచ్చేది.

అలాంటి సమయంలో పెద్ద తివాచీ పని వచ్చింది. ఒక సంగీత మందిరం వాళ్ళు వాకిలి హాలు నిండా పరచడానికి అడిగారు. ఆకాశంలోంచి చూస్తే నది ఎలా కనిపిస్తుందో అదీ బొమ్మ. పాయలు, ఇసుక దిబ్బలు, రెల్లు, మళ్ళీ నీళ్ళు. ఎక్కడా ఒకసారి వచ్చింది రెండోసారి రాదు. మొదట్లో మా యజమానురాలు కొంచెం కొంచెంగా కాగితాల మీద అచ్చువేయించి ఇచ్చేది. నాన్న వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, తల పక్కకి వాల్చి, ఓరగా చూస్తూ చదివేవాడు. వరస తర్వాత వరస చదివేవాడు కాస్తా ఒకటి చదివి రెండోది దాటేసేవాడు. నాలుగు ముళ్ళు వేస్తే రెండు విప్పాల్సి వచ్చేది.

మా యజమానురాలు మంచిది, కానీ మంచితనానికీ గడువుంటుంది. "తాతగారికి కొంచెం విశ్రాంతి ఇద్దామా?" అని నన్ను పక్కకి పిలిచి అడిగింది.

మేం నాన్నని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చూపు మధ్యలో మచ్చలాంటిది ఏర్పడిందని, చుట్టుపక్కలవి కనిపిస్తాయి గానీ తిన్నగా చూడబోయినది కనిపించదని డాక్టరు చెప్పాడు. నాన్న తల పక్కకి వాల్చి ఆయనకేసి చూశాడు.

"అంటే పక్కింటి గొడవ కనిపిస్తుంది, నా కంచంలో ఏముందో కనిపించదు. అంతేగా?"

డాక్టరు నవ్వాడు. అక్షరాలు బాగా పెద్దవిగా ఉంటే కొన్నాళ్ళు చదవగలడని, ఆ తర్వాత చెప్పలేమని అన్నాడు.  ఇంటికొచ్చాక నాన్న చెప్పులు విప్పుతూ, "చదవని నోరు ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది, సణుగుతుంది. మీకే కష్టం" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ చేతిసంచి మేకుకి తగిలించబోయి గోడకి తగిలించాడు. అది కింద పడింది. ఆయన దాని కోసం వంగలేదు.

వదిన వంగి తీసింది. ఏదో అనబోయింది. మాట రాలేదు. లోపలికెళ్ళి నా దగ్గర నిలబడి, "బొ... బొమ్మ ఫైలు ఉందా? కా... కాగితాలకి ముందుది?" అని అడిగింది.

ఉంది. బొమ్మ గీసినావిడ పంపిన ఫైలు కార్ఖానాలో ఒక పాత కంప్యూటర్‌లో ఉంది. మొత్తం తివాచీకి కావలసిన వరసలన్నీ ఒకదాని కింద ఒకటి, లక్షల్లో. దాన్ని తెరవబోతే కంప్యూటర్ గుడ్లు తేలేసేది. అందుకే యజమానురాలు ఆ ఫైలుని ముక్కలుగా అచ్చువేయించుకుని తెచ్చుకునేది. ఆ అచ్చే పెద్ద అక్షరాల్లో వేయిస్తే కాగితాలు కార్ఖానాలో పట్టవు.

కార్ఖానా సెలవు రోజున వదిన ఆ కంప్యూటర్ ముందు కూర్చుంది. నాన్న పక్కన స్టూలు మీద, నేను వెనక. ఒక పేజీ, అందులో ఒకే ఒక్క వరస, అరచేతంత అక్షరాలతో. మీట నొక్కితే తర్వాతి వరస. చేయాలనుకున్నది ఇంతే. పీహెచ్‌పీలో ఫైలు మొత్తాన్ని ఒక్కసారే వరసలుగా విడగొట్టి చేతికిచ్చే తేలిక మార్గం ఒకటుందట. ముందు దానితోనే ప్రయత్నించింది. తెర మీద ఎర్రగా ఏదో వచ్చి ఆగిపోయింది.

"ఏమంటోంది?" అన్నాడు నాన్న.

"మె... మెమరీ చాలదంటోంది, మావయ్యా."

"మనకి కావలసింది ఒక్క వరసే కదమ్మా."

"అ... అవును. కానీ నేను అడిగింది మొత్తం ఎ... ఎత్తుకోమని."

"అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు. నువ్వు గుండిగ మొత్తం ఒళ్ళో కుమ్మరించుకున్నావన్న మాట" అన్నాడు నాన్న. వదిన పకపకా నవ్వింది. నవ్వుకి నత్తి ఉండదు.

రెండో ప్రయత్నం నాకు బాగా అర్థమైంది. ఫైలు తెరిచి, మొదటి వరస చదవడం, అది మనకి కావలసింది కాకపోతే వదిలేసి తర్వాతిది చదవడం. చేతిలో ఎప్పుడూ ఒక్క వరసే ఉంటుంది కాబట్టి కంప్యూటర్‌కి బరువుండదు. తెర నిండా పెద్ద పెద్ద అక్షరాలు లేచాయి. "రెండు నీలం, అయిదు బూడిద." నాన్న తల ఓరగా వాల్చి, మెల్లగా, రాగం తీసి చదివాడు. ఎవరూ కూర్చోని మగ్గం ముందు ఆ గొంతు ఎంత బాగుందో. వదిన కళ్ళు తుడుచుకుంటే నేను చూడనట్టు నటించాను.

మర్నాడు పని మొదలయ్యాక అసలు సంగతి బయటపడింది. మేం అప్పటికే నది సగం దాకా నేశాం. ప్రతి వరసకీ ఆ కంప్యూటర్ మొదటినుంచి మొదలుపెట్టి, నేసేసిన వరసలన్నీ దాటుకుంటూ రావాలి. మీట నొక్కి, ముక్కు గోక్కుని, పక్కదానితో రెండు మాటలాడినా వరస వచ్చేది కాదు. మా రెండో పీటావిడ, "తాతా, ఈలోగా నేను ఇంటికెళ్ళి స్నానం చేసి రానా?" అంది. పోనుపోను ఇంకా ఆలస్యమవుతుంది కూడా, దారి పెరుగుతుంది కదా.

సాయంత్రం ఆఫీసు నుంచి వదిన తిన్నగా కార్ఖానాకే వచ్చింది. కుర్చీలో కూర్చోకుండా మగ్గం దగ్గరికొచ్చి తివాచీ అంచు చూస్తూ నిలబడింది. అంచుకి అక్కడక్కడా ఎర్ర దారపు ముళ్ళుంటాయి. ఎంత దూరం నేశామో ప్రతిసారీ మొదటినుంచి లెక్కపెట్టుకోకుండా మేం వేసుకునే గుర్తులు.

"ఇ... ఇలాంటివే వేస్తాను" అంది.

వేసింది. ఒకే ఒక్కసారి ఫైలు మొదటినుంచి చివరిదాకా నడిపించి, ప్రతి వెయ్యో వరస ఫైల్లో సరిగ్గా ఎంత దూరంలో మొదలవుతుందో రాయించి, ఆ దూరాలు మాత్రం ఒక చిన్న ఫైల్లో దాచింది. ఇక ఏ వరస అడిగినా పీహెచ్‌పీ ముందు దానికి దగ్గర్లో ఉన్న గుర్తు చూస్తుంది. ఎఫ్‌సీక్ అనే మాటతో ఒక్క గెంతులో ఆ చోటికి వెళ్తుంది. అక్కణ్ణుంచి మాత్రమే ఒక్కో వరసా లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. మీట నొక్కిన వేలు ఎత్తేలోపు వరస తెర మీద ఉండేది. రెండో పీటావిడ స్నానం మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్ని వారాలు హాయిగా గడిచాయి. ఇసుక దిబ్బ అయిపోయి రెల్లు మొదలైంది. అప్పుడొక ఉదయం, మొదటి పీటకి చిన్న వరస ఒకటి వచ్చింది. "నాలుగు నీలమూ" అంతే. ముందూ వెనకా ఏమీ లేదు. ఇవాళ నా అదృష్టం బాగుందనుకుని ఆమె నాలుగు ముళ్ళు వేసి చేతులు కట్టుకుంది. తర్వాత మామూలుగానే వరసలు వచ్చాయి. చదువు సాగింది, ముళ్ళు పడ్డాయి. మధ్యాహ్నం దాటాక నాన్న ఉన్నట్టుండి ఆగాడు.

"ఆగండర్రా. నీళ్ళు నాలుగో పీట దగ్గర ఉండాలి. నేను మొదటి పీటకి నీళ్ళు చదువుతున్నానేంటి?"

చూస్తే నిజమే. ఎవరి వరస వాళ్ళకి కాకుండా పక్కవాళ్ళది వచ్చింది. నది తెగి, ముక్కలు ముక్కలుగా పక్కకి జరిగింది. ఉదయం నుంచి వేసిందంతా తప్పు.

ఫోను చేస్తే వదిన ఆఫీసులో సెలవు చెప్పి వచ్చింది. తెర చూసింది, ఫైలు చూసింది, యజమానురాలికేసి చూసింది.

"ఫై... ఫైలు మార్చారా?"

"బొమ్మ గీసినావిడ నిన్న చిన్న సవరణ పంపింది. ఒకచోట బూడిదని ముదురు బూడిద చేసిందంతే. పాతదాని మీద కొత్తది పెట్టేశాను. ఒక్క మాటేగా" అందావిడ.

ఒక్క మాటే. కానీ ఆ మాట పొడుగెంతో దాని తర్వాతి వరసలన్నీ అంత ముందుకి జరిగాయి. వదిన వేసిన గుర్తులు మాత్రం పాతచోటే ఉన్నాయి. కంప్యూటర్ గెంతి వరస మొదట్లో దిగాల్సింది, దాని ముందున్న వరస తోక మీద దిగింది. ఆ తోకే "నాలుగు నీలం". తోకని ఒక వరసగా లెక్కేసుకోవడంతో మిగతావన్నీ ఒకటి వెనక పడ్డాయి.

వదిన మొహం తెల్లబోయింది. "త... త... తప్పు నాదే. మా... మారిందేమో చూసుకోమని రా... రాయలేదు" అంది. అంతకంటే మాట సాగలేదు. కుర్చీ జరిపి, నా పక్కన నేల మీద కూర్చుని ముళ్ళు విప్పడం మొదలుపెట్టింది. ఆమెకి అది చేతకాదు. గోళ్ళు విరుగుతున్నాయి. నాన్న తడుముకుంటూ వచ్చి, ఆమె చేతిలో కొక్కెం పెట్టి, ఆ చేతిని పట్టుకుని ఎలా లాగాలో చూపించాడు.

"ఇలా, కిందనుంచి. విప్పడం కూడా పనేనమ్మా. నేను ఈ ఏడాది ఎన్ని విప్పించానో వీళ్ళనడుగు."

"లెక్క వద్దులే తాతా, ఏడుస్తాం" అంది మొదటి పీటావిడ. అందరం నవ్వాం. వదిన కూడా, ఆలస్యంగా.

ఆ సాయంత్రం ఆమె ఇంకో చిన్న జాగ్రత్త రాసింది. గుర్తులు వేసిన రోజు ఫైలు ఎంత పెద్దది, ఎప్పుడు మారింది అన్నవి కూడా దాచింది. గెంతే ముందు ప్రతిసారీ వాటిని సరిచూడాలి. తేడా ఉంటే పాత గుర్తులు చెరిపేసి కొత్తగా వేసుకోవాలి. తర్వాత సవరణలు మరికొన్ని వచ్చాయి. నది మళ్ళీ తెగలేదు.

నాన్న చూపు మాత్రం ఆగలేదు. అక్షరాలు అరచేతంతవి కాస్తా జానెడంతయ్యాయి. ఒక వరస తెరలో పట్టక రెండు మూడు ముక్కలయింది. చివరికొకరోజు ఆయన తెర ముందు చాలాసేపు నిలబడి, మీట మీంచి వేలు తీసేసి, "ఇవాళ్టికి చాలు" అన్నాడు. అప్పుడు పది గంటలు కూడా కాలేదు.

వదిన కంప్యూటర్ చేతే చదివించి చూసింది. ఆడగొంతుతో స్పష్టంగానే చదివింది. మాకు మాత్రం చేతులాడలేదు. ఎరుపుకీ నలుపుకీ ఒకే గొంతు. ఎక్కడా ఊపిరి తీసుకోదు. "శవానికి జోలపాడినట్టుంది" అని నాలుగో పీటావిడ తేల్చేసింది. నాన్న మూలన బెంచీ మీద కూర్చుని, ఎరుపుకి వేలు లేపుతూ నలుపుకి దించుతూ విన్నాడు. 

ఆ తర్వాత తన ఆఫీసుకి సెలవున్న రోజున వదిన నాన్నని చెయ్యిపట్టుకుని మగ్గం వెనక్కి తీసుకొచ్చింది. తను తెర చూసి ఆయన చెవిలో చెబుతుంది, ఆయన పైకి చదవాలి. అదీ ఆమె ఆలోచన. "రె... రె... రెండు..." మేం ఉన్ని పట్టుకుని ఎదురుచూశాం. "తె... తె..." తెలుపో తేనెరంగో తెలియదు. 

"నువ్వు మాట చెప్పకమ్మా. మాట నాకెందుకు? రాగం ఇవ్వు, నేను పట్టుకుంటాను. ఇలా" అన్నాడు నాన్న. రెండు అనే మాటని సాగదీసి చూపించాడు.

"రెండూ..." అంది వదిన. ఆగింది. "రెండు తెలుపూ... ఒకటి నీలమూ... ఆరు బూడిదా..."

నత్తి లేదు.

నాన్న అందుకోలేదు. అందుకోవాల్సిన అవసరం కనిపించలేదేమో. నాలుగో పీటావిడ చెయ్యి దానంతటది కదిలింది. ముడి పడింది. "అయింది" అంది ఆవిడ, ఎప్పుడూ నాన్నతో అనేట్టే. వదిన మీట నొక్కింది. మొదటి పీటకి చదివింది. రెండో పీటకి చదివింది. నా వంతు వచ్చినప్పుడు నేనూ ముడి సరిగానే వేశాను. మేం ఎవ్వరం వెనక్కి తిరిగి చూడలేదు. మా పనిలో మొహాలు ఎప్పుడూ దారాలకేసే ఉంటాయి. అంతమంది ఉన్న గదిలో తన నోటికేసి ఎవరూ చూడకుండా మాట్లాడగలగడం ఆమెకి అదే మొదటిసారట. చాలా రోజుల తర్వాత చెప్పింది నాకు.

నాలుగు పీటలకీ కలిపి ఒక సాలు పూర్తయ్యాక ఆమె ఆగి, "నే... నేను... చ... చదివానా?" అంది.

"చదివావు. నీలం దగ్గర కొంచెం దిగాలి. నువ్వు లేస్తున్నావు" అన్నాడు నాన్న. 

నత్తి పోయిందని కాదు. బస్సులో టికెట్ అడగాలంటే ఇప్పటికీ అదే ఇబ్బంది. ఫోను మోగితే ఇప్పటికీ నాకే ఇస్తుంది. పోవాలని ఆమె కోరుకున్నట్టు కూడా నాకెప్పుడూ అనిపించలేదు. తివాచీ అయ్యేదాకా ఉదయం పూట తను వచ్చి చదివి, తర్వాత ఆఫీసుకి వెళ్ళేది. మిగతా పొద్దంతా మాలో ఒకరం వంతులేసుకుని తెర చూసి అందిస్తే నాన్న పైకి చదివేవాడు.

మగ్గం మీంచి తివాచీని కోసి దించిన రోజు, నాన్న చెప్పులు విప్పి దాని మీద నడిచాడు. వదిన పక్కనే నడిచింది. "ఇ... ఇది ఇసుక, మావయ్యా." "ఇది రె... రెల్లు." ఒకచోట ఆయన ఆగి, కూర్చుని, అరచేత్తో నిమిరాడు. ముళ్ళు విప్పి మళ్ళీ వేసిన చోట ఉన్ని రవ్వంత గుబురుగా ఉంటుంది. తెలిసినవాళ్ళ చేతికే తెలుస్తుంది.

"ఇక్కడేగా నది తెగింది?"

"ఇ... ఇక్కడే."

"బాగా అతికింది" అన్నాడు.

ఇప్పుడు వేరే తివాచీ నడుస్తోంది, అడవి బొమ్మ. వదిన ఆఫీసులో మాట్లాడుకుని వారంలో కొన్ని ఉదయాలు కార్ఖానాకే వస్తోంది. జీతం కూడా తీసుకుంటోంది. నాన్న బెంచీ మీద కూర్చుని ఉన్ని ఉండలు చుడతాడు. ఆకుపచ్చలు మరీ ఎక్కువ కావడంతో లేతాకుకీ ముదురాకుకీ రాగంలో తేడా ఎలా తేవాలన్న దాని మీద మామా కోడళ్ళిద్దరికీ రోజూ వాదనే. నిన్న భోజనాల దగ్గర కూడా తెగలేదు. ఆయన ఒకలా పాడతాడు, ఆమె కాదని ఇంకోలా పాడుతుంది. మా అన్నయ్య ముద్ద చేతిలో పట్టుకుని ఇద్దరికేసీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"ఎవరిది బాగుందిరా?" అని నాన్న వాణ్ణి అడిగాడు.

"మీరే తేల్చుకోండి. నేను ఒకసారి తొందరపడి గొడుగు కొన్నవాణ్ణి" అన్నాడు అన్నయ్య.

వదిన నవ్వి, ముదురాకుని తన పద్ధతిలోనే ఇంకోసారి పాడింది. నాన్న తల పక్కకి వాల్చి విని, ఈసారి ఏమీ దిద్దకుండా అన్నం కలుపుకున్నాడు.